రాతి మీది బొమ్మ, రాతి కింది లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న భూముల రీసర్వే మొదలయింది. ఆనాటినుండి దాని గురించి మనం చేసిన వాదోపవాదాలను కుప్పపోస్తే ఒక గ్రంథాలయం నిండుతుంది. హద్దురాళ్ళ మీద ఎవరి బొమ్మ ఉండాలి అన్నదానిపై పోట్లాడుకున్నాం. పట్టాదారు పుస్తకం అట్ట ఏ రంగులో ఉండాలన్నదానిపై పోట్లాడుకున్నాం. 2022 నాటి భూహక్కుల చట్టం మంచిదా చెడ్డదా అన్నదానిపై పోట్లాడుకున్నాం. 2024లో ప్రభుత్వం మారింది, ఆ చట్టం రద్దయింది, బొమ్మలు చెరిపే పని మొదలయింది. ఇంత రభసలో ఒక్క ప్రశ్న మాత్రం నాకెక్కడా వినబడలేదు: ఆ రాయికి అంటగట్టిన అంకెలు దేనినుండి కొలిచినవి?

రాతి మీది బొమ్మ ఐదేళ్ళకొకసారి మారవచ్చు. రాతి కింది లెక్క మారితే ఏమవుతుందో అడిగేవాడు లేడు. ఈ వ్యాసం ఆ లెక్క గురించి, దాన్ని నిపుణుల గదిలో పెట్టి తాళం వేసిన మన అలవాటు గురించి.

చదువరులలో చాలామందికి ఇది ఎండుగడ్డిలాంటి విషయమనిపించవచ్చు. కానీ మనకు అర్థం కానిది కాదు. ఇంకా చెప్పాలంటే, తెలుగును కంప్యూటరుకెక్కించడానికి తంటాలుపడ్డ మనకే ఇది అందరికన్నా బాగా అర్థం కావాలి. ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి ఉన్న రోజులు గుర్తున్నాయి కదా! ఒకరి ఖతిలో "క" అయినది ఇంకొకరి ఖతిలో మరేదో గుర్తు. పాఠం చెడిపోలేదు, అంకెలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఆ అంకెలు ఏ పట్టిక ప్రకారం వేసినవో చెప్పే ముక్క లేకపోవడంవల్ల అంతా గజిబిజి. యూనికోడు వచ్చి చేసిందేమిటి? ప్రతి అక్షరానికీ ఒకే సంఖ్య అని నిర్ణయించి, ఆ పట్టికను లోకానికంతటికీ ఉచితంగా బయటపెట్టింది. 

అక్షాంశ రేఖాంశాలదీ సరిగ్గా ఇదే కథ. "17 డిగ్రీల ఇన్ని నిమిషాలు, 78 డిగ్రీల ఇన్ని నిమిషాలు" అన్నంతమాత్రాన ఒక చోటు తేలదు. భూమి ఆకారాన్ని ఏ దీర్ఘగోళంగా ఊహించారు, దాని కేంద్రాన్ని ఎక్కడ నిలిపారు, ఏ తేదీ నాటి స్థితికి లెక్కగట్టారు అన్నవి కూడా చెప్పాలి. వీటన్నిటినీ కలిపి డేటమ్ అంటారు. నేను ఆధారచట్రం అంటాను. చట్రం పేరు లేని నిరూపకాలు ఖతి పేరు లేని పాఠంతో సమానం.

మన చట్రానికి పెద్ద చరిత్రే ఉంది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర పరంగిమలవద్ద ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలవడంతో ఆ మహా త్రికోణమితీయ సర్వే మొదలయింది. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన జార్జి ఎవరెస్టు తొలినాళ్ళలో పనిచేసింది నిజాం రాజ్యంలో, కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో. అక్కడ పట్టుకున్న జ్వరం అతణ్ణి చాలాకాలం వదలలేదు. కొండ కొండకూ థియోడొలైట్లు మోసినవాళ్ళు, దీపాలు వెలిగించినవాళ్ళు, జ్వరాలతో చచ్చినవాళ్ళు మనవాళ్ళే. ఆ కొలతల ఆధారంగా ఎవరెస్టు 1830లో భూమికి ఒక దీర్ఘగోళాన్ని నిర్ణయించాడు. మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌ను మూలస్థానంగా పెట్టుకుని దేశమంతటి పటాలను దానిమీదనే గీశారు.

ఆ పనిని నేను తక్కువచేయడం లేదు. ఆ కాలానికి అది మహత్కార్యం. అయితే ఆ దీర్ఘగోళాన్ని భారత భూభాగానికి అతికేలా కుదిర్చారు. భూకేంద్రంతో దానికి పని లేదు. ఉపగ్రహాలు మాత్రం భూకేంద్రం చుట్టూ తిరుగుతాయి. ఉపగ్రహాల లెక్కతో పోల్చితే ఎవరెస్టు గోళపు కేంద్రం 800 మీటర్లకు పైగా పక్కకు ఉంది. ఫలితంగా హైదరాబాదులో ఒకే స్థలానికి పాత చట్రంలోని అంకెలూ, డబ్ల్యు.జి.ఎస్. 84 చట్రంలోని అంకెలూ నేలమీద వంద మీటర్లకు మించిన తేడా చూపుతాయి. రెండూ తప్పు కావు. రెండు వేరువేరు ఖతులు, అంతే.

ఇక్కడ మన ఏలికల తెలివి చూడండి. 2005 నాటి జాతీయ పట విధానం పటాలను రెండు వరుసలుగా విడదీసింది. రక్షణ అవసరాలకొక వరుస, జనానికి డబ్ల్యు.జి.ఎస్. 84 మీద గీసిన బహిరంగ వరుస. పాత చట్రంనుండి కొత్త చట్రానికి మార్చే సంఖ్యలు మన దేశంలో గుసగుసగా చెప్పుకునే వ్యవహారంగా ఉన్న కాలంలో, అవే సంఖ్యలు అమెరికా రక్షణశాఖ ప్రచురించిన సాంకేతిక నివేదికలో ఎవరైనా చదువుకునేటట్లు అచ్చయి ఉన్నాయి: 295, 736, 257 మీటర్లు. మన గుట్టు మనకు తెలియకుండా పరాయివాడి పుస్తకంలో పడి ఉండడాన్ని దేశభద్రత అనుకోవాలా?

న్యాయంగా చెప్పాలంటే ఆ తరువాత గాలి మారింది. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు పటాల తయారీకి ఉన్న అనుమతుల సంకెళ్ళను చాలావరకు తెంచాయి. 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ భూస్థానిక విధానం దేశపు ఆధారచట్రాన్ని ఆధునిక పద్ధతులలో తిరిగి నిర్వచించి అంతర్జాలంలో అందుబాటులో పెట్టే బాధ్యతను సర్వే ఆఫ్ ఇండియాకు అప్పగించింది. ఉపగ్రహ సంకేతాలను రాత్రింబవళ్ళు నమోదుచేసే స్థిరకేంద్రాలు, సర్వేయర్ల భాషలో కోర్స్ కేంద్రాలు, దేశమంతటా వెలిశాయి. ఆంధ్రప్రదేశ్ రీసర్వే కోసం విడిగా 70 కేంద్రాలు నెలకొల్పుకుంది. ఇవాళ సర్వేయరు చేతిలో గొలుసు బదులు రోవరు ఉంది. ఇవన్నీ మెచ్చదగినవే. నా అభ్యంతరం పనిముట్లతో కాదు. పనిముట్లు మారితే పద్ధతి మారిపోయినట్లేనన్న భ్రమతో.

ఆ భ్రమకు మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది కాలం. మన భారత భూఫలకం ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యదిశగా జరుగుతోంది. హిమాలయాలు లేచింది ఈ నడకవల్లనే. ఉపగ్రహాల చట్రం భూగోళమంతటికీ చెందినది కాబట్టి అందులో మన ఊరి అంకెలు ఏటేటా మారుతుంటాయి. ఇరవయ్యేళ్ళకు ఒక మీటరు. ఊరంతా కలిసే జరుగుతోంది కదా, దీనివల్ల రైతుకేం నష్టం అంటారా? నిజమే, అందరి అంకెలూ ఒకే తేదీకి కట్టి ఉంటే నష్టమే లేదు. ఒకరి పొలానికి 2005 నాటి స్థితికి లెక్కగట్టిన అంకెలూ, పక్కవాడి పొలానికి 2025 నాటి స్థితికి లెక్కగట్టిన అంకెలూ ఉంటేనే తంటా. కాగితం మీద ఇద్దరి మధ్య మీటరు మేర ఎవరిదీ కాని నేల పుడుతుంది. లేదా ఒకే నేలకు ఇద్దరు యజమానులు పుడతారు. గట్టు దగ్గర జానెడు నేలకోసం తలలు పగిలే దేశంలో మీటరు చిన్న విషయం కాదు. అంకెల పక్కన తేదీ ఉంటే ఏ గుమాస్తా అయినా దీన్ని నిమిషంలో సరిచేయగలడు. తేదీ లేకపోతే సుప్రీంకోర్టు కూడా సరిచేయలేదు.

ఆస్ట్రేలియావారి ఫలకం ఏడాదికి ఏడు సెంటీమీటర్లు నడుస్తుంది. వారు 1994 నాటి చట్రాన్ని 2020 నాటి చట్రానికి మార్చుకున్నారు. తేడా దాదాపు 1.8 మీటర్లు. ఏ అంకె ఎందుకు మారుతోందో, ఎలా మార్చుకోవాలో వివరించే పుస్తకాన్నీ, సాధనాలనూ ముందే ఊరందరికీ పంచారు. అంకెలు మారాయి గానీ ఎవరి కంచే మారలేదు.

రెండవది వైశాల్యం. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయాలి, మరొకచోట కుదించాలి. అందరూ వాడే యు.టి.ఎం. పద్ధతిలో నడిమి రేఖమీద పొడవులను 0.9996తో గుణిస్తారు. మన ప్రాంతంలో అలాంటి నడిమి రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం; అది ఏలూరుకు కూతవేటు దూరంలో పోతుంది. అంటే ఆ చుట్టుపక్కల ఒక కిలోమీటరు పొడవు కాగితం మీద 40 సెంటీమీటర్లు తగ్గి కనబడుతుంది. వైశాల్యంలో తేడా నూటికి 0.08. ఎకరా అంటే 4840 చదరపు గజాలు కాబట్టి, సవరించకుండా లెక్కకడితే ఎకరాకు సుమారు నాలుగు చదరపు గజాలు మాయమవుతాయి. వంద ఎకరాల ఆయకట్టులో ఎనిమిది సెంట్లు!

రీసర్వేలో విస్తీర్ణం తగ్గిందని పెద్దసంఖ్యలో రైతులు మొత్తుకున్నారు. అన్నిటికీ ఇదే కారణమని నేననడం లేదు. అసలు కారణాలు అనేకం: పూర్వకాలపు గొలుసు కొలతల్లో పొరపాట్లు, రికార్డుకూ స్వాధీనానికీ పొంతన లేకపోవడం, అన్నదమ్ములు నోటిమాటగా చేసుకున్న పంపకాలు, గట్టును ఏటా కొంచెం కొంచెం లోపలికి దున్నుకొచ్చే పొరుగువాడి పుణ్యం. కానీ ఈ కారణాల్లో ఏది ఎంత అని రైతు ఎలా తేల్చుకోవాలి? తన పటం ఏ చట్రంలో గీశారో, వైశాల్యం కాగితం మీద లెక్కగట్టారో నేలమీదికి సవరించారో అతనికి ఎవరు చెప్పాలి? నేల పోలేదు, కాగితం ముడుచుకుంది అని చెప్పగలిగిన చోట కూడా చెప్పకపోతే, అతను పొరుగువాణ్ణి అనుమానిస్తాడు. అనుమానం కొలతకన్నా వేగంగా పెరుగుతుంది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా గడ్డుది, ఎత్తు. ఉపగ్రహ పరికరం ఇచ్చే ఎత్తు ఊహాగోళం పైనుండి. సముద్రమట్టానికి దానితో నేరుగా సంబంధం లేదు. దక్షిణ భారతంలో ఈ రెంటికీ మధ్య పదుల మీటర్ల అంతరం ఉంది. శ్రీలంకకు దిగువన హిందూ మహాసముద్రంలో ఈ అంతరం ప్రపంచంలోకెల్లా అధికమై నూరు మీటర్లు దాటుతుంది. విశాఖ ఇసుకలో నిలబడి శుద్ధమైన ఉపగ్రహపు ఎత్తు చూస్తే మనం సముద్రం కింద పదుల మీటర్ల లోతున ఉన్నట్లు కనబడుతుంది! దాన్ని నీళ్ళు పారే ఎత్తుగా మార్చడానికి, చోటు చోటుకూ భూమ్యాకర్షణను కొలిచి తయారుచేసే జియోయిడ్ అనే పటం కావాలి. ప్రపంచమంతటికీ కలిపి చేసిన నమూనాలు ఉన్నాయి గానీ మన పల్లెలో వాటి తప్పు జానెడో మూరెడో ఉండవచ్చు.

మన ఎత్తుల లెక్కకు మూలమైన 1909 నాటి చట్రం తొమ్మిది రేవుల్లో కొలిచిన సగటు సముద్రమట్టాలను సున్నాగా పెట్టుకుంది. వాటిలో విశాఖపట్నం ఒకటి. మరొకటి కరాచీ. తొమ్మిది చోట్లా సముద్రం ఒకే మట్టంలో ఉంటుందని ఆనాటి భావన. నిజానికి సముద్రం అంత బుద్ధిగా ఉండదు. ఆ లెక్కలో వేసిన బెంచిమార్కు రాళ్ళు రోడ్ల వెడల్పులో ఎన్ని పోయాయో, ఎన్నిటిమీద టీకొట్లు వెలిశాయో దారినపోయే ఎవరైనా చూడవచ్చు.

మూరెడు తేడాతో ముంచుకుపోయేదేముంది అనేవారు కొల్లేటికి వెళ్ళి అడగాలి. 1999లో కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా నిర్ణయించింది గోడనో కంచెనో కాదు, ఐదు అడుగుల కాంటూరును. 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టింది ఆ గీత ఆధారంగానే. ఆ గీతను మూడు అడుగులకు దించాలన్నది అక్కడివారి చిరకాల కోరిక. ఐదుకూ మూడుకూ మధ్య ఉన్నది రెండడుగులు, అంటే 61 సెంటీమీటర్లు. అరచేయిలా చదునైన ఆ పల్లంలో రెండడుగులంటే వేల ఎకరాలు, వందల కుటుంబాలు, లెక్కలేనన్ని పక్షులు. పర్యావరణ పక్షానా, రైతుల పక్షానా గొంతు చించుకునేవారున్నారు. కానీ ఆ ఐదడుగులు ఏ సున్నానుండి ఐదు? మూరెడు సందేహం ఉన్న కొలబద్దతో రెండు మూరల కంటె తక్కువైన తగవును తీర్చబూనడం న్యాయమా? పోలవరం దగ్గర కూడా ఇంతే. 41.15 మీటర్లా, 45.72 మీటర్లా అన్న అంకెల మీద ఎన్ని ఊళ్ళు మునుగుతాయో తేలుతుంది. నీరు ప్రభుత్వ ఉత్తర్వు చదివి ఆగదు. తన మట్టం దగ్గర ఆగుతుంది. మన మట్టం, నీటి మట్టం ఒకటేనని తేల్చుకోవలసిన బాధ్యత మనది.

ఇక నాకు ఎదురుకాగల వాదనలు.

"ఇది ఇంజనీర్ల గొడవ, సామాన్యుడికెందుకు?" అంటారు. తూకం రాళ్ళ తయారీ కూడా నిపుణుల పనే. అయినా రాయి మీద ముద్ర ఉందా లేదా అని కూరగాయలు కొనే అమ్మ చూస్తుంది. ఆ ముద్ర ఎలా వేస్తారో ఆమెకు తెలియనక్కరలేదు. ముద్ర ఉండితీరాలని తెలిస్తే చాలు. నిరూపకాలకు ఆ ముద్ర చట్రం పేరు, తేదీ.

"దేశభద్రత మాటేమిటి?" అంటారు. ఇవాళ ప్రతి ఫోనూ నాలుగైదు దేశాల ఉపగ్రహాలను విని తన చోటు చెబుతోంది. శత్రువుకు మన చట్రం తెలియక గురి తప్పుతుందనుకోవడం పిల్లి కళ్ళుమూసుకుని పాలు తాగడమే. గోప్యతవల్ల గురి తప్పుతున్నది మన పంచాయతీ ఇంజనీరుకు.

"ఫోను చెబుతోంది కదా, ఇంకేం కావాలి?" అంటారు. ఫోను దారి చూపడానికి సరిపోతుంది; హద్దు తేల్చడానికి కాదు. అంతేకాదు, డబ్ల్యు.జి.ఎస్. 84 అన్న పేరు ఒకటే గానీ దాని లోపలి లెక్కను ఇప్పటికి పలుమార్లు సవరించారు. పేరు చెప్పి ఊరుకుంటే చాలదు, ఏ సవరణ, ఏ తేదీ అన్నది చెప్పాలి.

"అమెరికావాడికే చేతకాలేదు, మనమెంత?" అనేవారూ ఉన్నారు. అమెరికాలో సర్వే పనుల్లో ఉన్న మన తెలుగువారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అక్కడి జాతీయ సంస్థ 1983 నాటి చట్రాన్నీ, 1988 నాటి ఎత్తుల చట్రాన్నీ తీసివేసి కొత్తవి తేవాలనుకుంది. కొత్త చట్రాల పేర్లలో 2022 ఉంది. ఆ ఏడు దాటిపోయింది, పని పూర్తికాలేదు. కానీ వారు ఏం దాచారు? పాత చట్రం భూకేంద్రానికి రెండు మీటర్ల పక్కన ఉందని తామే చెప్పుకున్నారు. ఎందుకు మారుస్తున్నారో, ఎలా లెక్కకడతారో, ఎందుకు ఆలస్యమైందో అన్నీ ప్రచురించారు. సర్వేయర్లూ, రాష్ట్రాలూ ఏళ్ళ ముందునుండే తయారవుతున్నారు. ఆలస్యం క్షమించవచ్చు, చెప్పకపోవడాన్ని క్షమించరాదు.

కాబట్టి నేను కోరేవి ఇవీ.

ఒకటి, రైతు చేతికిచ్చే ప్రతి పటం మీదా చట్రం పేరు, దాని తేదీ, వైశాల్యం లెక్కగట్టిన విధానం తెలుగులో అచ్చువేయాలి. ఒక్క వాక్యం చాలు.

రెండు, రాష్ట్రపు స్థిరకేంద్రాలన్నిటినీ జాతీయ చట్రానికి ముడివేసి, వాటి నిరూపకాలనూ ఏటేటా జరిగే వేగాన్నీ ఉచితంగా, బహిరంగంగా ఉంచాలి.

మూడు, పాత లెక్కకూ కొత్త లెక్కకూ నడుమ వంతెన అధికారికంగా ఉండాలి. కోస్తాలో ఎఫ్.ఎం.బి. గానీ తెలంగాణలో టిప్పన్ గానీ, పాత కొలతను పారేయకుండా కొత్తదాని పక్కన భద్రపరచాలి. తాతలనాటి కాగితమే అక్షరం రానివాడికి ఉన్న ఒకేఒక సాక్షి.

నాలుగు, నీటితో ముడిపడిన ఏ నిర్ణయమైనా, ముంపుగానీ కాంటూరుగానీ కాలువగానీ, ఏ ఎత్తుల చట్రంలో, ఎంత సందేహంతో తీసుకున్నారో ఉత్తర్వులోనే రాయాలి. నిరపాయమైన ఆ చిన్న సంఖ్యను, అటూ ఇటూ ఎంత అన్నదాన్ని, రాయడానికి మన కార్యాలయాలకు ఎందుకంత బెరుకు?

ఐదు, అన్నిటికన్నా ముఖ్యం. నిరూపకం హద్దును గుర్తుపట్టడానికి సాధనం, హద్దు అదే కాదు. తరతరాలుగా ఇరుపక్షాలూ ఒప్పుకున్న గట్టు, పాతిన రాయి, నాటిన తాటిచెట్టు ఉన్నచోట రోవరు వాటిని కొలవాలి, వాటిని కదపకూడదు. చట్రం కొత్తదయితే అంకె మారాలి, రాయి కాదు. ఈ ఒక్క సూత్రం చట్టంలో లేకుండా చట్రాన్ని ఎంత ఆధునికం చేసినా అది రైతు గుండెల్లో గునపమే.

తెలంగాణలో 2025లో భూభారతి చట్టం అమలులోకి వచ్చింది, భూపటాల ముచ్చట మళ్ళీ మొదలయింది. అదే ఏడాది కేంద్రం పట్టణాల భూములకు నక్ష పేరుతో సర్వే మొదలుపెట్టింది. అంటే ఈ ప్రశ్న అడగడానికి ఇంతకన్నా మంచి అదను లేదు. పునాది పోసేటప్పుడు అడగని ప్రశ్నను గృహప్రవేశం నాడు అడిగి లాభం లేదు.

మీ ఊరికి రోవరు పట్టుకుని ఎవరైనా వస్తే మూడు మాటలు అడగండి: ఏ చట్రం? ఏ తేదీ? ఎత్తయితే ఏ మట్టం? సర్వేయరుకు జవాబు తెలిస్తే సంతోషం. ఆయనకు మీపట్ల గౌరవం పెరుగుతుంది. తెలియకపోతే అది ఆయన తప్పు కాదు, ఆయనకు చెప్పకుండా పంపినవారి తప్పు. ఆ ప్రశ్నను అక్కడిదాకా మోసుకుపోవలసింది మనమే. ఈ మాటలకు తెలుగులో ఇంకా మంచి పదాలు తోచినవారు చెప్పండి. వాదంలో లొసుగు కనబడినవారు నిర్మొహమాటంగా ఎత్తిచూపండి. ఖతుల చీకటిలోంచి బయటపడ్డవాళ్ళం, ఈ చీకటిని మాత్రం ఎందుకు భరించాలి?